బోరు నీళ్లకు నా ఉంగరాల జుట్టు పీచయిపోయింది, పెళ్లికి ముందు ఏమైనా చేయొచ్చా?

ఉంగరాల పిల్ల, హన్మకొండ

అందరికీ నమస్తే. కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపికుంటే చదవండి. నాది పుట్టుకతోనే ఉంగరాల జుట్టు, మా నాయనమ్మ పోలిక. పరకాల దిక్కు మా ఊర్లో ఉన్నప్పుడు ఒత్తుగా, రింగులు రింగులుగా ఉండేది, జడ వేసినా కొసలు చుట్టుకుని తిరిగేవి. రెండేళ్ల కింద హన్మకొండలో అపార్ట్‌మెంట్‌కు వచ్చాం. ఇక్కడ స్నానానికైనా బట్టలకైనా బోరు నీళ్లే, నల్లా నీళ్లు వంటకూ తాగడానికీ సరిపోతాయి అంతే. వచ్చిన ఆరు నెలలకే జుట్టు కొబ్బరి పీచులా తయారైంది. పైనంతా గాలికి లేచి నిలబడుతుంది, లోపల చిక్కులు, ముట్టుకుంటే గరగర. రింగు అన్నది మెడ దగ్గర నాలుగు పాయల్లో మిగిలింది.

నేను చేసేది చెప్తాను. వారానికి రెండుసార్లు తలకు పోసుకుంటాను. షాంపూ చేతిలో వేసుకుని కుదుళ్ల నుంచి కొసల దాకా బాగా రుద్దుతాను, నురగ సరిగ్గా రాకపోతే ఇంకోసారి. టర్కీ టవల్ పావుగంట చుట్టుకుని, ఆ తర్వాత దానితోనే దులిపి దులిపి ఆరబెడతాను. బాగా ఆరాక అమ్మ కూర్చోబెట్టి సన్న దువ్వెనతో చిక్కు తీస్తుంది. అరగంట కార్యక్రమం, ఏడుపు ఉచితం. అంతా అయ్యాక అద్దంలో చూసుకుంటే నెత్తి మీద పిట్టగూడు. ఆఫీసుకు స్కూటీ మీద పోవాలి కాబట్టి నూనె దట్టంగా పెట్టి గట్టిగా జడ వేసుకుని, చున్నీ కట్టుకుని పోతాను.

ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో మందు. అమ్మ కుంకుళ్లు అంటుంది, పిన్ని గుడ్డు అంటుంది, పక్క ఫ్లాట్ ఆంటీ మెంతులు, బియ్యం కడిగిన నీళ్లు అంటుంది. అన్నీ చేశాను. గుడ్డు పెట్టిన రోజు తెలియక వేడి నీళ్లు పోసుకున్నాను, అది నెత్తి మీదనే ఉడికింది, తెల్ల ముక్కలు రెండు రోజులు ఏరుకున్నాం. ఇప్పుడు దసరా దాటాక మా అన్న పెళ్లి ఉంది. జుట్టు సాఫీ చేసే స్మూతనింగ్ చేయించుకో, ఫొటోల్లో బాగుంటావని అందరూ వెంటపడుతున్నారు. ఒక పార్లర్‌లో అడిగితే ఆరు నెలలు దువ్వెనతో పనే ఉండదన్నారు. నాకు మనసు ఒప్పట్లేదు, అట్లని ఈ పీచుతో పెళ్లిలో తిరగలేను. ఇదంతా నీళ్ల వల్లనేనా? కుంకుడా, షాంపూనా? నూనె రోజూ పెట్టాలా? తెలిసినవాళ్లు చెప్పండి. కంపెనీల పేర్లు మాత్రం వద్దు, ఇప్పటికే బాత్రూంలో సగం వాడి వదిలేసిన సీసాలు పదకొండు ఉన్నాయి.

మ్యాగీ, మంచిర్యాల

చదువుతుంటే నా గురించే రాసినట్టుంది అక్కా. బడిలో నన్ను మ్యాగీ అనే పిలిచేవాళ్లు, ఇక్కడ పేరు కూడా అదే పెట్టుకున్నాను. జవాబులు వస్తే నాకూ పనికొస్తాయి, ఇక్కడే కూర్చుంటాను.

కెమిస్ట్రీ సార్, కరీంనగర్

జుట్టు సంగతి నాకు పెద్దగా తెలియదమ్మా, నాకున్నదే తక్కువ. నీళ్ల సంగతి చెప్పగలను. మీ బోరు నీళ్లతో కందిపప్పు ఉడుకుతుందా? ఏ ఊరికి బదిలీ అయినా మా అమ్మ ముందు అడిగే ప్రశ్న అదే. పప్పు ఉడకలేదంటే ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్నట్టు, అదే కఠిన జలం. ఆ కాల్షియం గింజలోని పెక్టిన్ అనే జిగురును పట్టుకుని మెత్తబడనివ్వదు. వెంట్రుకనూ అట్లనే పట్టుకుంటుంది. తడిసిన వెంట్రుక మీద రుణావేశం ఉంటుంది, కాల్షియంది ధనావేశం, పోయి అతుక్కుంటుంది. రెండేళ్లు వారానికి రెండుసార్లు అతుక్కుంటే గరగరలాడక ఏమవుతుంది?

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చూసుకోవచ్చు. రెండు ఖాళీ సీసాలు తీసుకుని ఒకదాంట్లో బోరు నీళ్లు, ఇంకోదాంట్లో నల్లా నీళ్లు సగం దాకా పోయండి. రెండిట్లో ఒకే అంత ఒంటి సబ్బు చెక్కి వేసి గట్టిగా ఊపండి. మంచి నీళ్లలో నురగ నిలబడుతుంది, కఠిన జలంలో నురగ పడిపోయి తెల్లగా తెట్టె కడుతుంది. షాంపూతో ఈ పరీక్ష చేయొద్దు, అది సబ్బు కాదు, డిటర్జెంట్, ఏ నీళ్లలోనైనా ఎంతో కొంత నురగ ఇస్తుంది, మనల్ని మోసం చేస్తుంది.

డబ్బులు దండగ చేసుకోకుండా ఇంకో రెండు మాటలు. షవర్‌కు బిగించే చిన్న ఫిల్టర్లు ఎక్కువగా క్లోరిన్ తగ్గించేవే, కాల్షియాన్ని తీసేయాలంటే ఉప్పు పోసి నడిపే సాఫ్ట్‌నర్ కావాలి, అది అపార్ట్‌మెంట్ అంతా కలిసి పెట్టుకునే ఖర్చు. నీళ్లు మరిగిస్తే కొంత కాఠిన్యం పోతుంది, గీజర్ కాయిల్ మీద తెల్లగా కట్టేది అదే, కానీ అంతా పోదు. ఆర్వో మిషన్ బయటికి వదిలే నీళ్లను పొదుపు అనుకుని తలకు వాడేవాళ్లను చూశాను, ఆ పని చేయొద్దు, అవి అసలు బోరు నీళ్లకన్నా ఘోరం. నా సలహా చాలా చిన్నది: బోరు నీళ్లతోనే తల కడుక్కోండి, చివరి నాలుగు మగ్గులు మాత్రం నల్లా నీళ్లు పోసుకోండి. ముందు రోజు ఒక చిన్న బకెట్ పట్టి పెట్టుకుంటే చాలు.

పెద్దమ్మ, జనగామ

బిడ్డా, మా మనవరాలు చదివి వినిపిస్తే నేను చెప్తుంటే తను రాస్తున్నది. నాకు అరవై నాలుగేళ్లు, ఇప్పటికీ రింగుల జుట్టే. చిన్నప్పుడు గుండు చేయిస్తే సాఫీగా వస్తుందని నన్ను వేములవాడకు మూడుసార్లు తీసుకుపోయారు. రాజన్నకు మూడుసార్లు మొక్కు ముట్టింది, మూడుసార్లూ రింగులే వచ్చినయి.

కుంకుడు మంచిదే కానీ మీరు దాన్ని షాంపూలాగ వాడుతున్నారు. మేము వారానికి ఒక్కసారి పోసుకునేవాళ్లం, గంట ముందు నెత్తికి కొబ్బరినూనె పట్టించి, అప్పుడు కుంకుడు రసం. మీరేమో కడిగినాక నూనె పెడుతున్నారు. నూనె లేని పొడి జుట్టుకు కుంకుడు రసం పోస్తే ఉన్న జిడ్డంతా గుంజేస్తుంది, పీచు కాక ఇంకేమవుతుంది? గింజలు తీసి రాత్రి నానబెట్టు, పొద్దున రెండు పిడికిళ్ల మందార ఆకు నలిపి ఆ జిగురు దాంట్లో కలుపు, పలుచని గుడ్డలో వడగట్టు. వడగట్టకపోతే ఆ తొక్కలు రింగుల్లో ఇరుక్కుంటే తీయలేక చస్తావు. మీ అమ్మ సన్న దువ్వెన పట్టుకుని పొడి జుట్టు దువ్వుతుందన్నావు కదా, ఆ దువ్వెన పేన్లకు పెట్టుకోమను. పొగ వేసుకుంటావా? సాంబ్రాణి పొగకు జుట్టు గంపెడు లేస్తుంది, వాసనకు వేసుకో కానీ పెళ్లి రోజు వద్దు.

పార్లర్ అక్క, కాజీపేట

చెల్లె, నేను పార్లర్ నడుపుతాను, స్మూతనింగ్ చేసి డబ్బులు తీసుకుంటాను, కాబట్టి వద్దు అంటున్నానంటే నమ్ము. వెంట్రుకకు ఆకారం ఇచ్చే గంధకపు బంధాలను మందుతో తెంపి, తిన్నగా సాగదీసి మళ్లీ అతికించే రకం ఒకటి. అది నచ్చకపోతే వెనక్కి తిప్పే మందు లేదు. కుదురు నుంచి వచ్చే కొత్త జుట్టు మాత్రం రింగులే వస్తుంది, ఎందుకంటే రింగు పుట్టేది చర్మం లోపల కుదురు వంకరలో, పెద్దమ్మ మూడు గుండ్ల కథ అదే. నెలకు ఒక సెంటీమీటరు, ఇంకాస్త పెరుగుతుంది. ఆరు నెలలకు పైన మూడు వేళ్లు ఉంగరాలు, కింద చీపురు. అప్పుడు మళ్లీ నా దగ్గరికే వస్తావు, నాకు లాభమే. కెరాటిన్ పేరుతో చేసే వాటిలో కొన్నిటికి వేడి తగిలితే ఫార్మాల్డిహైడ్ వస్తుంది, అది క్యాన్సర్ తెచ్చేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2004లోనే తేల్చింది. దాని బదులు గ్లైఆక్సిలిక్ యాసిడ్ పెట్టి అమ్ముతున్నారు, దాంతో కిడ్నీలు దెబ్బతిన్న కేసులు కూడా వైద్య పత్రికల్లో వచ్చాయి. సీసా మీద ఏముందో చూపించకుండా నెత్తికి పెట్టేవాళ్ల దగ్గర కూర్చోవద్దు.

ఇక నీ సంగతి. నీ జుట్టుకు ఏ జబ్బూ లేదు, దాన్ని సాఫీ జుట్టులాగ చూస్తున్నావు, అంతే. నెత్తి మీద ఊరే జిడ్డు సాఫీ వెంట్రుక మీద జారి కొసదాకా పోతుంది, మెలికల వెంట్రుక మీద దిగలేక పైనే ఆగిపోతుంది. అందుకే నీకు పైన జిడ్డు, కింద ఎండు. షాంపూ ఎక్కడ కావాలి? పైన. నువ్వేమో కొసలదాకా రుద్దుతున్నావు, అదీ రెండుసార్లు. షాంపూను మగ్గులో కొంచెం నీళ్లలో కలిపి నెత్తికి మాత్రం వేళ్ల కొసలతో రుద్దు, కారే నురగ చాలు కొసలకు. ఆ తర్వాత కండిషనర్ చెవుల కింద నుంచి, దండిగా. నువ్వు అనుకునేదానికి రెండింతలు పడుతుంది, పిసినారితనం చూపించకు. కండిషనర్ ఉండగానే, జుట్టు జారుడుగా ఉన్నప్పుడే, వెడల్పు పండ్ల దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి పైకి చిక్కు తీసుకో. చిక్కు తీసేది అప్పుడు ఒక్కసారే. ఆరిన తర్వాత దువ్వెన ముట్టుకోవద్దు, మళ్లీ తలకు పోసుకునేదాకా. మీ అమ్మ ఒప్పుకోదు, తెలుసు. మా అమ్మ కూడా దువ్వని తల దరిద్రం అని నెల రోజులు తిట్టింది.

కడిగాక టర్కీ టవల్ పక్కన పడేసి మీ బాపు పాత పంచె గానీ నూలు బనియన్ గానీ తీసుకో. తల ముందుకు వంచి, జుట్టును కింద నుంచి గుప్పిట్లోకి తీసుకుని పైకి నొక్కుతూ నీళ్లు పిండు, రుద్దొద్దు, దులపొద్దు. ఫ్యాన్ కింద కూర్చో, ఆరేదాకా చెయ్యి పెట్టొద్దు. తడిసినప్పుడు వెంట్రుకలో తెగిన హైడ్రోజన్ బంధాలు ఆరేటప్పుడు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలోనే మళ్లీ అతుక్కుంటాయి. తడి మీద గట్టి జడ వేస్తే జడ ఆకారం వస్తుంది, దులిపితే గూడు ఆకారం వస్తుంది.

మొదటిసారి మాత్రం ఒక పని చెయ్యి. క్లారిఫైయింగ్ షాంపూ అని ఉంటుంది, వెనకాల ఈడీటీఏ (కాల్షియాన్ని పట్టి లాగే మందు) అని రాసి ఉన్నది చూసి కొని ఒకసారి పోసుకో, సార్ చెప్పిన రెండేళ్ల కాల్షియం, పాత క్రీముల పొర కొంత దిగుతుంది. తర్వాత నెలకొకసారి చాలు. మామూలు రోజులకు సల్ఫేట్ లేని షాంపూ. నిమ్మకాయ, వంట సోడా దగ్గరికి పోవద్దు. గుడ్డు ఆమ్లెట్‌కు పెట్టుకో, దాని ప్రొటీన్ అంత పెద్దది వెంట్రుకలోకి దూరదు.

ఇంకోటి మరిచిపోయాను. కత్తిరించేటప్పుడు ఆరిన జుట్టు మీదే కత్తిరించమను. తడి మీద లాగి కత్తిరిస్తే ఆరాక మూడు వేళ్లు పైకి పోతుంది, అప్పుడు ఏడ్చేది నువ్వు, తిట్లు తినేది మేము.

కెమిస్ట్రీ సార్, కరీంనగర్

పెద్దమ్మ చెప్పిన నూనె మాటకు చిన్న సాక్ష్యం. కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడూ పోల్చి 2003లో మన దేశంలోనే ఒక పరిశోధన వచ్చింది. వెంట్రుక నుంచి ప్రొటీన్ పోకుండా ఆపింది కొబ్బరినూనె ఒక్కటే. అందులోని లారిక్ యాసిడ్ అణువు చిన్నది, తిన్ననిది, లోపలికి దూరుతుంది. ముందే నూనె ఉంటే వెంట్రుక నీళ్లు తాగి ఉబ్బడం తగ్గుతుంది. మా ఇంటావిడకు చూపించాను, ఇన్నేళ్లకు ఒక మంచి మాట చెప్పావు అన్నది.

ఖని పోరడు, గోదావరిఖని

అక్కా, నాది కూడా రింగులే, మగవాళ్లం కాబట్టి పట్టించుకోము అనుకోవద్దు. మా దిక్కు ఓపెన్‌కాస్ట్ దుమ్ము, లారీల దుమ్ము, వారానికి ఒక్కసారి అంటే కుదరదు. నీలాగ నూనె దట్టంగా పెట్టి రోజంతా తిరిగితే బొగ్గు దుమ్మంతా నెత్తికి అంటుకుంటుంది. పోసుకునే ముందు గంట నూనె ఓకే, నూనె పెట్టుకుని రోడ్డెక్కడం నాట్ ఓకే. ఇంకో విషయం, చుండ్రు ఉంటే నూనె అసలు వద్దు. ఎండు వల్ల చుండ్రు వచ్చిందనుకుని నేను రాత్రంతా నూనె పెట్టుకుని పడుకునేవాణ్ని, ఇంకా పెరిగింది. చర్మం డాక్టర్ దగ్గరికి పోతే తెలిసింది, నెత్తి మీద ఉండే ఒక రకం ఫంగస్ ఆ జిడ్డు తినే బతుకుతుందట. కీటోకొనజోల్ షాంపూ రాశారు, నురగ ఐదు నిమిషాలు ఉంచి కడగమన్నారు, నెలకు తగ్గింది. హెల్మెట్ లోపల పలుచని గుడ్డ కట్టుకో, చెమట దానికి పడుతుంది.

ఉంగరాల పిల్ల, హన్మకొండ

సార్, సీసాల పరీక్ష చేశాను. నల్లా నీళ్ల సీసాలో నురగ మూత దాకా వచ్చింది. బోరు సీసా చూసి అమ్మ, ఇందులో మజ్జిగ ఎవరు పోశారు అని అడిగింది. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ నాతో వాదించలేదు. పప్పు సంగతి కూడా నిజమే, ఇక్కడికి వచ్చిన మొదటి వారమే అమ్మ కుక్కర్ పాడైందని కొత్త గాస్కెట్ కొన్నది.

అక్కా, నువ్వు చెప్పినట్టు రెండు వారాల నుంచి చేస్తున్నాను. రింగులు వస్తున్నాయి కానీ మధ్యాహ్నానికి మళ్లీ లేస్తున్నాయి, పడుకుని లేస్తే ఒక పక్క అణిగిపోయి ఒక పక్క కొండలా ఉంటుంది. దానికేమైనా ఉందా?

పార్లర్ అక్క, కాజీపేట

దానికి జెల్ కావాలి, కొనొద్దు, ఇంట్లో చెయ్యి. రెండు పెద్ద చెంచాల అవిసె గింజలు, రెండు కప్పుల నీళ్లు, సన్న మంట మీద కలుపుతూ ఉండు. గరిటె ఎత్తితే గుడ్డు తెల్లసొనలాగ తీగ సాగగానే దించెయ్. వేడి మీదే వడగట్టాలి, చల్లారితే గింజలు జెల్‌ను వదలవు, పాత స్టాకింగ్ గానీ పలుచని చున్నీ గానీ వాడు. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది, వాసన మారితే పారబొయ్. జుట్టు నీళ్లు కారుతుండగానే పెట్టి గుప్పిట్లో నొక్కు. ఆరాక గట్టిగా పెళుసుగా అవుతుంది, భయపడకు, చేతికి రెండు చుక్కల నూనె రాసుకుని నలిపితే గట్టిదనం పోయి రింగు మిగులుతుంది.

రాత్రికి మీ అమ్మ పాత పట్టుచీర ఏదైనా చినిగింది ఉంటే జరీ లేని ముక్కతో దిండుకు గలేబు కుట్టించు. నూలు దిండు వెంట్రుకను రాపిడి పెడుతుంది. జుట్టంతా నడినెత్తికి తెచ్చి వదులుగా ముడి వేసుకుని పడుకో. పొద్దున చేతులు తడి చేసుకుని అణిగిన పక్క మాత్రం నొక్కు, మళ్లీ తలంతా తడపొద్దు.

మ్యాగీ, మంచిర్యాల

అక్కా, నా రింగులు రెండో రకమా మూడో రకమా ఎట్ల తెలుసుకోవాలి? నెట్‌లో జుట్టు మెలికను బట్టి 2సీ, 3ఏ అని ఏవేవో రకాలు ఉన్నాయి.

పార్లర్ అక్క, కాజీపేట

దాని జోలికి పోకు. ఒకే నెత్తి మీద మూడు రకాలు ఉంటాయి, ముందు సగం తిన్నగా, వెనక గట్టి రింగులు. ముందు దువ్వెన మార్చు.

ఉంగరాల పిల్ల, హన్మకొండ

ఎనిమిది వారాల తర్వాత వచ్చి రాస్తున్నాను, అడిగినవాళ్లందరికీ. స్మూతనింగ్ చేయించుకోలేదు. చివరి నాలుగు మగ్గులు నల్లా నీళ్లు, ముందు గంట కొబ్బరినూనె, షాంపూ నెత్తికే, తడి మీద వెడల్పు దువ్వెన, బాపు పంచె, అవిసె జెల్. కుంకుడు మందార ఆకుతో రెండుసార్లు చేశాను, బాగుంది కానీ ఆఫీసు ఉన్న రోజు ఆ వడగట్టే ఓపిక నాకు లేదు పెద్దమ్మా, ఆదివారాలకు ఉంచుకున్నాను. కొసలు ఇంకా ఎండుగానే ఉన్నాయి, పాత పాడైన జుట్టు అది, నాలుగు వేళ్లు కత్తిరించాల్సి వచ్చింది. పై నుంచి మాత్రం రింగులు తిరిగి వచ్చాయి. సద్దుల బతుకమ్మ నాడు జుట్టు వదిలి ఒక్క పక్క చామంతులు పెట్టుకుని ఆడాను, వర్షం తుంపర పడింది, కొంచెం లేచింది, పోనీ అనుకున్నాను. పెళ్లికి కూడా ఇట్లనే.

ఒక ప్రమాదం జరిగింది. జెల్ స్టీలు గిన్నెలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాను. బాపు ఎండలో వచ్చి, అంబలి అనుకుని ఉప్పు వేసుకుని గ్లాసెడు తాగాడు. చప్పగా ఉంది, ఉల్లిగడ్డ ఉందా అని అడిగాడు.

ఖని పోరడు, గోదావరిఖని

బాపు జుట్టు ఎట్లుంది ఇప్పుడు?

ఉంగరాల పిల్ల, హన్మకొండ

బట్టతల అన్నా.